పెళ్ళికూతురు లేని సన్మానం

ప్లేనో, 2 జూన్ 2008

పెద్దలు లక్ష్మీకాంతమ్మ గారికి,

ప్లేనో నుంచి తిరుపతయ్య చేతులు జోడించి పలకరిస్తున్నాడు. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఆ ఓక్లహోమా ఎండల్లో మీరూ, మీ మనవడూ ఎలా ఉన్నారు?

ఫోన్ చేయొచ్చుగా అంటారేమో. పోయినసారి చేస్తే, "నీతో ఫోన్‌లో మాట్లాడ్డం రేడియో వినడంలా ఉంది, నా వంతు రావడం లేదు, ఏదున్నా కాగితం మీద రాయి" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను. పైగా మన ప్లేనో తెలుగు మిత్ర బృందానికి కొత్త లెటర్‌హెడ్ కొట్టించాం. ప్రెసిడెంట్‌గా నా పేరు పైన పడింది, చూశారా?

సరే, అసలు విషయం. మన మానవ్ బెల్ క్రీక్ బీవర్స్ టీమ్‌లో జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడుతున్నాడని మొన్న పిక్నిక్‌లో దోసెల దగ్గర తెలిసింది. ఆ పూట నాకు దోసె దిగలేదంటే నమ్మండి! మన పిల్లలంతా కంప్యూటర్లలోకో, డాక్టరీలోకో పోతుంటే, మా వీధిలో బంతి విసిరి నా కారు అద్దం పగలగొట్టిన పిల్లాడు ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడా! మీ అమ్మాయి సుమతీ, అల్లుడుగారూ ఉద్యోగాలకని కాలిఫోర్నియాలో డబ్లిన్ వెళ్ళిపోయినా, వాడు పెరిగింది ప్లేనోలో. వాడు మావాడు. మేం సన్మానించకపోతే ఇంకెవరు సన్మానిస్తారు?

జులై 19, శనివారం మధ్యాహ్నం, హైస్కూల్ ఆడిటోరియం. బుక్ చేసేశాను. ఎన్ని సెంచరీలు కొట్టాడు, హయ్యెస్ట్ స్కోర్ ఎంత, యావరేజ్ ఎంత, బౌలింగ్ కూడా వేస్తాడా, ఇవన్నీ రాసి పంపండి. పంచిపెట్టే ఫ్లయర్‌లో వేయాలి.

మీ ఆశీస్సులు కోరే,
తిరుపతయ్య

తా.క.: స్టేజీ మీద బ్యాట్ పట్టుకుని నిలబడితే చాలు. కొట్టి చూపించొద్దని చెప్పండి. ఆడిటోరియం వాళ్ళ ఇన్సూరెన్స్ ఒప్పుకోదు, నాకూ పాత అనుభవం ఉంది.


బెల్ క్రీక్, 9 జూన్

తిరుపతయ్య బాబుకి లక్ష్మీకాంతం దీవెనలు.

ఉత్తరం అందింది. లెటర్‌హెడ్ బాగుంది. నీ పేరు పెద్దగా, బృందం పేరు చిన్నగా పడ్డాయి. ప్రింటువాడి పొరపాటే అనుకుంటాను.

మానవ్ పప్పన్నం తింటుంటే చదివి వినిపించాను. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "వద్దు అమ్మమ్మా, నో చెప్పేయి" అన్నాడు. ఎందుకురా అంటే ముందు చెప్పలేదు. పెరుగన్నం దాకా వచ్చాక చెప్పాడు. వాడికి ఈ మధ్య బంతి తగలడం లేదు. మేనేజర్ వాణ్ణి ఆటలోకి దించడం మానేసి బెంచీ మీద కూర్చోబెడుతున్నాడు. పోయిన వారం వీడి స్నేహితుణ్ణి పిలిచి, ఇక సామాను సర్దుకో అన్నారట. తర్వాత తన వంతేనని వీడి భయం. "జులైకి నేను టీమ్‌లో ఉంటానో లేదో! తీసేసినవాణ్ణి కూర్చోబెట్టి శాలువా కప్పుతారా? అందరూ జాలిగా చూస్తారు, నాకొద్దు" అన్నాడు. లేచి కంచం తనే కడిగేశాడు. వాడికి మనసు బాగోలేనప్పుడే గిన్నెలు కడుగుతాడు. ఈ నెల్లో నాకు వంటింట్లో పనే లేకుండా పోయింది బాబూ.

ఇక నువ్వడిగినవి. ఈ ఆటలో సెంచరీలు ఉండవు. బౌలింగ్ అనరు. వీడి యావరేజ్ సున్నా పాయింట్ రెండు ఒకటి. కంగారు పడకు, కూర్చుని చదువు. పది సార్లు బ్యాట్ పట్టుకెళ్తే రెండు సార్లు కొడతాడని అర్థం. మూడు సార్లు కొట్టినవాణ్ణి ఇక్కడ నెత్తిన పెట్టుకుంటారు. తక్కిన ఏడు సార్లు వాడూ తల దించుకుని వెనక్కి రావాల్సిందే. నాకూ మొదట్లో ఇదేం ఆటరా అనిపించింది. ఇప్పుడు అలవాటైపోయింది.

కాబట్టి ఈ సన్మానం ఆపెయ్యి. పైగా ఆ శనివారం సాయంత్రం వాళ్ళకి మీ టెక్సాస్‌లోనే ఆట ఉంది. దగ్గరే అయినా ఆట రోజు సెలవివ్వరు, రావడం కుదరదు.

ఉంటాను,
లక్ష్మీకాంతం

తా.క.: ఆ కారు అద్దం పగలగొట్టింది మానవ్ కాదు. నేను. వాడికి బంతి విసరడం నేర్పిస్తున్నాను అప్పుడు.


ప్లేనో, 16 జూన్

పూజ్యులు లక్ష్మీకాంతమ్మ గారికి నమస్సులు.

మీ ఉత్తరం కమిటీలో చదివాను. యావరేజ్ దగ్గరికి రాగానే అందరూ మళ్ళీ చదవమన్నారు. మన ట్రెజరర్ లక్ష్మీపతి, "సున్నా పాయింట్ రెండు ఒకటా! మూడేళ్ళ మా మనవరాలికి బ్యాటిచ్చినా ఒక పరుగు తీస్తుందండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీరు చెప్పిందంతా వివరించాను. అయినా వాళ్ళకి ఎక్కలేదు. మనం పిల్లలు తొంభై ఎనిమిది తెస్తే మిగతా రెండూ ఏవిరా అని అడిగే మనుషులం కదా, ఏడుసార్లు తప్పినవాణ్ణి మెచ్చుకునే ఆట అంటే ఎలా ఎక్కుతుంది? చివరికి సున్నా, పాయింటూ తీసేసి యావరేజ్ 21 అని వేయిద్దామని తీర్మానించాం. ఫ్లయర్లు వచ్చేశాయి.

సన్మానం మాత్రం ఆగదు. వాడు టీమ్‌లో ఉన్నా లేకపోయినా మా వీధి పిల్లాడే. జాలిగా ఎవడైనా చూస్తే వాడికి భోజనం టోకెన్ ఇవ్వను.

సెలవు గురించి మీరు దిగులు పడొద్దు. హైదరాబాదులో గవర్నమెంట్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు సెలవు చీటీలు రాసినవాణ్ణి, నాకిదో లెక్కా? మేనేజర్‌గారికి మంచి ఇంగ్లీషులో అప్లికేషన్ పంపేశాను. ఆయనకి ఏ అనుమానమూ రాకుండా అన్నీ వివరంగా రాశాను. "మా అబ్బాయి జీవితంలో అరుదుగా వచ్చే శుభకార్యం. పట్టుబట్టలు కట్టించి, పూలదండ వేసి, సింహాసనం మీద కూర్చోబెడతాం. ముత్తైదువలు హారతిస్తారు. నాలుగొందల మందికి భోజనాలు. దయచేసి ఆ పూట అబ్బాయిని విడిచిపెట్టి, తమరు కూడా టీమ్‌తో విచ్చేసి ఆశీర్వదించగలరు." ఇదీ సారాంశం.

మీ విధేయుడు,
తిరుపతయ్య

తా.క.: సింహాసనం పెళ్ళి డెకరేషన్ వాళ్ళ దగ్గర తీసుకుంటున్నాం. జంట కుర్చీలే ఉన్నాయట, ఒక్కటి విడిగా ఇవ్వరట. రెండోదాంట్లో మీరు కూర్చుంటారా?


బెల్ క్రీక్, 25 జూన్

తిరుపతయ్యా,

నాయనా, నీకో దండం, నీ ఇంగ్లీషుకో దండం. నువ్వు ఎంత వివరంగా రాశావో ఇప్పుడు ఈ ఊరంతా అనుభవిస్తున్నాం.

పట్టుబట్టలు, పూలదండ, సింహాసనం, హారతి, నాలుగొందల మందికి భోజనాలు, జీవితంలో అరుదుగా వచ్చే శుభకార్యం! ఆ తెల్లాయన చదువుకుని ఏమనుకుంటాడు? మానవ్‌కి పెళ్ళి అనుకున్నాడు! ఆ రోజు ఆటయ్యాక వీణ్ణి అందరి మధ్యా నిలబెట్టి చెయ్యి ఊపేసి అభినందించాడట. కుర్రాళ్ళంతా వీడి మీద నీళ్ళు గుమ్మరించారు. పెళ్ళి కాదు మొర్రో అని వీడు మొత్తుకుంటే, సిగ్గుపడుతున్నాడనుకున్నారు. పెళ్ళికూతురెవరంటే ఎవరూ లేరన్నాడు. దాంతో ఇంకా పెద్ద అనర్థం వచ్చింది. మన దేశం పెళ్ళిళ్ళు కదా, పాపం పిల్లని ఇంకా చూపించలేదనుకున్నారు! బంతి విసిరే పొడుగాటి కుర్రాడొకడు వీణ్ణి చాటుకి తీసుకెళ్ళి, "నీకు ఇష్టం లేకపోతే చెప్పు, నా ట్రక్ సిద్ధంగా ఉంది, మెక్సికో దాకా దింపుతా" అన్నాడట.

మానవ్ వచ్చి ఇదంతా చెబుతూ నవ్వాడు. అది మాత్రం నీ పుణ్యమే. చాలా రోజులైంది వాడు అలా నవ్వి.

అయినా తప్పు తప్పే. వెంటనే ఆ మేనేజర్‌కి ఇంకో ఉత్తరం రాయి. ఇది పెళ్ళి కాదు, సన్మానం అని రెండే ముక్కలు. మూడో ముక్క రాశావో చూడు.

లక్ష్మీకాంతం

తా.క.: రెండో కుర్చీలో నేను కూర్చుంటానా? నన్ను పెళ్ళికూతురు అనుకోవడం ఒక్కటే తక్కువ!


ప్లేనో, 1 జులై

అమ్మా, తమరి కోపానికి తల వంచి తిరుపతయ్య రాసుకునేది.

మేనేజర్‌గారికి రాయడమే తరువాయి. కానీ లెటర్‌హెడ్లు అయిపోయాయి. ప్రెసిడెంట్ హోదాలో రాసినదాన్ని మామూలు తెల్ల కాగితం మీద సవరిస్తే పద్ధతిగా ఉండదు. కొత్తవి ప్రింట్‌కి ఇచ్చాను. ఈలోగా కమిటీ తీర్మానం కూడా కావాలి. లక్ష్మీపతి క్రూజ్‌కి వెళ్ళాడు, వచ్చేదాకా కోరం లేదు.

ఇంకో మంచి వార్త. డాలస్‌లో సన్నాయి వాయించే ఆయన దొరికాడు. డోలు కూడా ఉంది. మానవ్‌ని గేటు దగ్గర నుంచి మేళంతో తీసుకొస్తాం. ముత్యాల గొడుగు కూడా పడతాం. అక్షింతలు కలపడానికి మా ఆవిడ ఇప్పటినుంచే పసుపు తెప్పించింది.

వాడిప్పుడు ఎలా ఆడుతున్నాడు? రోజూ ఆటలోకి దింపుతున్నారా? ఆ ఒక్కటీ తప్పకుండా రాయండి.

తమరి తిరుపతయ్య

తా.క.: మానవ్ పంచె నడుము కొలత పంపండి. వెల్‌క్రో పెట్టించాలి. స్టేజీ మీద ఊడితే బృందం పరువు పోతుంది.


బెల్ క్రీక్, 8 జులై

తిరుపతయ్యకి,

సన్నాయి ఎందుకయ్యా! డోలు ఎందుకు! అక్షింతలు ఎందుకు! ఇది పెళ్ళి కాదని చెప్పమంటే నువ్వు తాళిబొట్టు ఒక్కటీ తప్ప అన్నీ సమకూరుస్తున్నావు. నీకు మతి పోయిందా, లేక నన్ను ఏడిపించాలని చేస్తున్నావా?

విను. శుక్రవారం ఆట మధ్యలో స్కోర్‌బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో మానవ్‌కి పెళ్ళి శుభాకాంక్షలు వేశారు. స్టేడియం అంతా లేచి నిలబడింది. ఎవరో ఫోటో తీశారు. అది ప్లేనో వెళ్ళి, ప్లేనో నుంచి డబ్లిన్ వెళ్ళింది. సుమతి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "కన్నతల్లికి చెప్పకుండా పెళ్ళి చేస్తావా అమ్మా? పిల్ల ఎవరు? మనవాళ్ళేనా?" అని. గంటసేపు బతిమాలితే గానీ నమ్మలేదు. నమ్మాక ఇంకా ఏడ్చింది. ఎవరో ఒక పిల్ల ఉందనుకుని లోపల్లోపల సంతోషపడిందట.

టీమ్ వాళ్ళ భార్యలు కానుకలు తెచ్చి ఇచ్చారు. తువ్వాళ్ళు, దుప్పట్లు, ఒక రైస్ కుక్కర్. వాళ్ళ మొహాల్లో ఆ ఆప్యాయత చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది.

నువ్వడిగావు కనుక చెబుతున్నాను. ఆ పెళ్ళి కబురు పుట్టినప్పటి నుంచీ మేనేజర్ వీణ్ణి రోజూ దింపుతున్నాడు. ఎందుకో మాకు తెలియదు. రోజూ ఆడుతుంటే కంటికి బంతి ఆనుతోందట. నిన్న మూడు కొట్టాడు. నేను లేచి ఈల వేశాను. ఇంటికొచ్చి తిన్న కంచం అలాగే వదిలేసి పడుకున్నాడు. ఆ ఎంగిలి కంచం తోముతుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు బాబూ.

అయినా అబద్ధం మీద ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం? నువ్వు రాయకపోతే సోమవారం నేనే వెళ్ళి ఆ మేనేజర్‌తో చెప్పేస్తాను.

లక్ష్మీకాంతం

తా.క.: వాడు ఇప్పుడు రానని అనడం లేదు. నడుము ముప్ఫై నాలుగు. వెల్‌క్రో గట్టిది పెట్టించు.


ప్లేనో, 10 జులై (ఎక్స్‌ప్రెస్ మెయిల్)

అమ్మా,

మీ కాళ్ళు పట్టుకుంటాను. సోమవారం వెళ్ళొద్దు. మేనేజర్‌తో ఒక్క మాట కూడా అనొద్దు. ఎందుకని అడగొద్దు. పంతొమ్మిదో తారీకు దాటనివ్వండి, తర్వాత మీరు నన్ను చెప్పుతో కొట్టినా నిలబడతాను.

నా మీద ఏ మాత్రం నమ్మకం ఉన్నా ఈ ఒక్కటి చేయండి.

తిరుపతయ్య

తా.క.: లెటర్‌హెడ్ లేదన్నది అబద్ధం. ఈ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది.


బెల్ క్రీక్, 22 జులై

తిరుపతయ్య బాబుకి,

నువ్వు అడగొద్దన్నావు, నేను అడగలేదు. వారం రోజులు నోరు కట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పి తీరాలి.

మొన్న శనివారం మేళం ముందు నడుస్తుంటే, గొడుగు కింద మానవ్ సిగ్గుతో ఎర్రబడి, కానీ నవ్వుతూ లోపలికి వచ్చాడు. అప్పుడే ఆ బస్సు వచ్చి ఆగింది. ఇరవై మందికి పైగా కుర్రాళ్ళు, కోట్లు వేసుకుని, టైలు కట్టుకుని దిగారు. పాపం సాయంత్రం ఆట పెట్టుకుని కూడా స్నేహితుడి పెళ్ళికని వచ్చారు. ఆ మేనేజర్ ముందు వరసలో కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు. పెళ్ళికూతురి కోసమని నాకు తెలుస్తూనే ఉంది. నేను రెండో కుర్చీ దరిదాపులకి కూడా పోలేదు. ఇంతలో నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళావు.

ఆయన బయటికి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నువ్వూ తుడుచుకుంటున్నావు. తర్వాత లక్ష్మీపతికని తెచ్చిన శాలువా తీసుకెళ్ళి ఆయనకి కప్పావు. లక్ష్మీపతి మొహం మాడిపోయింది. ఆ తర్వాత హాలంతా లేచి నిలబడి మానవ్‌కి చప్పట్లు కొడుతుంటే నాకు ఇంకేమీ కనిపించలేదు.

నిన్న మేనేజర్ వాణ్ణి పిలిచి, ఈ సీజన్ అయ్యేదాకా నువ్వు నా టీమ్‌లోనే ఉంటావని చెప్పాడట. వాడు గెంతుకుంటూ వచ్చి నన్ను ఎత్తి తిప్పాడు. నా నడుము పట్టేసింది. మంచం మీద పడుకునే రాస్తున్నాను.

ఇంతకీ ఆ తెర వెనక ఏం జరిగింది?

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న,
లక్ష్మీకాంతం

తా.క.: పొడుగాటి కుర్రాడు పులిహోర ఐదుసార్లు వేయించుకున్నాడు. పెళ్ళి లేకపోయినా ఫరవాలేదు, పులిహోర ఉంటే చాలన్నాడట.


ప్లేనో, 25 జులై

అమ్మా, లక్ష్మీకాంతమ్మ గారూ,

మీకు చెప్పకుండా దాచాను. క్షమించాలి. మీ మొహం చూస్తే వాడికి అన్నీ తెలిసిపోతాయి, తెలిస్తే వాడికి మళ్ళీ బంతి తగలదని దాచాను.

నా అప్లికేషన్ అందిన రోజే మేనేజర్‌గారు లెటర్‌హెడ్ మీది నంబర్‌కి ఫోన్ చేశాడు. మంచి మనిషి. ముందు పెళ్ళికి అభినందనలు చెప్పాడు. నేను నోరు తెరిచి, సార్ ఇది పెళ్ళి కాదు అనబోతున్నాను. ఇంతలో ఆయనే, "మీరు ఇంటి పెద్దలా ఉన్నారు, మీకు చెప్పాలి. ఈ శుక్రవారం అతణ్ణి టీమ్ నుంచి పంపించేద్దామనుకున్నాను. కాగితాలు కూడా సిద్ధం చేశాను. కానీ పెళ్ళి ముందు ఒక మనిషికి ఆ మాట ఎలా చెప్పను? పెళ్ళయ్యేదాకా ఆగుతాను. అందాకా రోజూ ఆడనిస్తాను, కనీసం సంతోషంగా పెళ్ళిపీటలెక్కనీ" అన్నాడు.

తెరిచిన నోరు మూసేశానమ్మా. ప్రెసిడెంట్ అయ్యాక నేను మాట పూర్తి చేయకుండా ఆపడం అదే మొదటిసారి.

తర్వాత మీరెంత తిట్టినా రాయలేదు. మీ ఒక్కో ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆయనకి ఎక్కడ అనుమానం వస్తుందోనని సన్నాయి పెట్టించాను, డోలు పెట్టించాను, గొడుగు తెప్పించాను. మీరు ఇంకో ఉత్తరం రాసి ఉంటే గుర్రం కూడా మాట్లాడేవాణ్ణి. సుమతమ్మని ఏడిపించినందుకు మాత్రం నా మనసు బాధపడింది. ఆవిడకి నా తరఫున మీరే చెప్పండి.

ఆ రోజు తెర వెనక ఆయనకి నిజం చెప్పేశాను. పెళ్ళికూతురు లేదు, ఇది మా ఊరు మా పిల్లాడికి చేసే మర్యాద అని. ఆయన మొహం జేవురించింది. నన్ను మోసం చేశావన్నాడు. చేశాను సార్ అన్నాను. ఆయన తెర కొంచెం పక్కకి జరిపి చూశాడు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, పట్టుచీరలు, నాలుగొందల మంది. "వీళ్ళంతా నిజంగా అతని కోసమే వచ్చారా? అతను ఎంత కొడతాడో వీళ్ళకి తెలుసా?" అని అడిగాడు. "తెలుసు సార్, ఫ్లయర్‌లో వేశాం. ఆ శుక్రవారం మీరు పంపించేసి ఉన్నా ఆ కుర్చీ వాడిదే, ఈ భోజనాలూ వాడివే. మావాడు" అన్నాను.

ఆయన తెర మూసి నావైపు తిరిగాడు. తర్వాత అన్నాడు, "ఇరవై ఏళ్ళు ఆడాను, ఆడించాను. మా ఊరు నన్ను ఒక్కపూట భోజనానికి కూడా పిలవలేదు." అప్పుడేనమ్మా నేను ఆ శాలువా తీసింది. లక్ష్మీపతికి వచ్చే ఏడు కప్పుదాం.

కూర్చునే ముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. "ఆ కాగితాలు పది రోజుల కిందటే చింపేశాను. ఈ నాలుగు వారాలూ కుర్రాడు కొడుతున్న తీరు చూశాక ఎవరు పంపిస్తారు?" అని. కాబట్టి మానవ్‌కి ఇవేవీ చెప్పకండి. తన బ్యాటే తనని నిలబెట్టిందని వాడు అనుకుంటున్నాడు. అది నిజం కూడా. నేను కాసిని రోజులు అడ్డంపడ్డాను, అంతే.

నడుముకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోండి.

మీ కోపమైనా దీవెనే అనుకునే,
తిరుపతయ్య

తా.క.: ఇప్పుడే మేనేజర్‌గారు మళ్ళీ ఫోన్ చేశాడు. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడే కుర్రాడికి నెల రోజులుగా బంతి తగలడం లేదట. వాడు నెబ్రాస్కావాడు, మనవాళ్ళెవరూ కాదు. అయినా ఆగస్టులో వాడికి కూడా ఒక పెళ్ళి చేయగలరా అని అడుగుతున్నాడు. సింహాసనం బుక్ చేసేశాను.